అప్పజెప్పిన ఆరు వరసలు

నిజాం సర్కారు పోయిన యేడే నా పెళ్ళయింది. బొంరాస్‌పేట దగ్గరి పల్లె నుంచి తాండూరుకు కాపురానికి వచ్చాను. వచ్చిన మూడో రోజు మా అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏదో రహస్యం చెప్తున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది. "వానికి ఏది యాదుండదు బిడ్డా. ఉప్పు తెమ్మంటే పప్పు తెస్తడు. నువ్వే జర కనిపెట్టుకోవాలె." ఆమె మరుసటి యేడే పోయింది, పాపం. ఉప్పూ పప్పూ సంగతి నిజమే గానీ, మా ఆయన అసలు మరిచిపోయేది పాటల్ని. అవీ ఊళ్ళోవాళ్ళ పాటలు కాదు, తాను కట్టినవే.

ఆయన పగలు బండల కార్ఖానాలో లెక్కలు రాసే మున్షీ. తాండూరు బండల గురించి ఎవరికీ చెప్పక్కర లేదు. మా ఇంటి గోడలు అవే, నేల అదే, నీళ్ళ తొట్టి కూడా అదే. సాయంత్రం కార్ఖానా వదలగానే నేరుగా నాటక సమాజానికి పోయేవాడు. అక్కడ హార్మోనియం ఆయనది, వరసలు ఆయనవి. ఎవరో పంతులు పాట రాసిస్తాడు. దానికి వరస కట్టి, వేషగానికి నేర్పి, ఆట నాడు ముందు కూర్చుని వాయించాలి. అంతకు ముందు నాటకం ఆడాలంటే ఠాణాలో ఉర్దూలో దరఖాస్తు పెట్టుకుని ఇజాజత్ కోసం తిరగాల్సి ఉండేదట. సర్కారు పోగానే ఆ తిప్పలూ పోయాయి. ఇంకేముంది, వానకు పుట్టగొడుగులు లేచినట్టు ఊరికొక సమాజం లేచింది. అందరికీ పాటలు కావాలి. అందరికీ మా ఆయనే కావాలి.

ఆయన చదివింది ఉర్దూ బడిలో. తెలుగు పాటను కూడా ఉర్దూ అక్షరాల్లో, కుడి నుంచి ఎడమకు రాసుకునేవాడు. మాటలంటే అట్లా రాసుకోవచ్చు. వరసను ఎట్లా రాస్తారు? స్వరాలు రాయడం ఆయనకు రాదు, మా దగ్గర ఎవరికీ రాదు. పొద్దున కట్టిన వరస పొద్దుమూకేసరికి గల్లంతు. వేషగాడు వచ్చి కూర్చుంటే ఈయన హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టి గోడ వంక చూసేవాడు. అప్పటికప్పుడు ఇంకోటి కట్టేవాడు. నిన్నటిదే బాగుండెనని వాళ్ళు, ఏది నిన్నటిదని ఈయన. నవ్వుకునేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు తిట్టుకునేవాళ్ళు.

ఒకనాడు పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చరుస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. ఆయన ముఖానికి సబ్బు నురగ పూసుకుని, చేతిలో కత్తితో, పెరట్లోంచి పరుగెత్తుకుని వచ్చాడు. నా ప్రాణం పైన్నే పోయింది. "గదే! మొన్న నేను కట్టింది గదే! ఆపకు, ఆపకు, పాడు!" రొట్టె మాడింది. పాట మాత్రం ఆయన చేతికి చిక్కింది. ఆ రోజు నుంచి నాకు కొత్త కొలువు దొరికింది.

నాకు అది పెద్ద విద్య ఏమీ కాదు. మా నాయన చేలో కలుపుకు యాభై మంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, కన్నడం మాట్లాడే పక్క సీమ నుంచి కూడా. ముందు ఒకామె పాట అందుకుంటే వెనక అందరూ పట్టాలి. తప్పితే ఇక అంతే, సాయంత్రం దాకా ఎక్కిరింపులే. ఆసామి బిడ్డకు కలుపు సాలులో ఏం పని అని మా అమ్మ చెవి మెలిపెట్టి తీసుకుపోయేది. మళ్ళీ పోయేదాన్ని. చేయి ఆడుతూ ఉంటే పాట దానంతట అదే నిలుస్తుందని నాకు అక్కడే తెలిసింది.

ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టుకున్నాం. ఆయన వంటింటి గడప మీద కూర్చుని మూడుసార్లు పాడేవాడు. మూడంటే మూడే. నేను రొట్టె చరుస్తూనో, కందిపప్పు ఏరుతూనో వినేదాన్ని. మూడోసారి అయిపోగానే లేచి చేతులు దులుపుకుని "అప్పజెప్పిన, ఇగ నాకెర్క లేదు" అని పోయేవాడు. నిజంగానే ఎరుక ఉండేది కాదు. ఒకసారి అడిగాను, ఇట్లా ఎట్లా మరుస్తావయ్యా అని. "బిందె వంపితేనే గద మల్ల నిండేది" అన్నాడు. నేను మాత్రం ఏ పని చేస్తూ విన్నానో ఆ పని చేస్తేనే ఆ వరస పాడగలిగేదాన్ని. అడవిలో భార్యను విడిచిపోయే రాజు పద్యం కావాలంటే నేను పప్పు చేట పట్టుకోవాలి. వేషగాళ్ళు వచ్చి ముందర అరుగు మీద కూర్చునేవాళ్ళు. నేను లోపల పిండి కలుపుకుని మొదలు పెట్టేదాన్ని. వాళ్ళు నేర్చుకుని పోయేసరికి ఇంట్లో ఇరవై రొట్టెలు తయారయ్యేవి. తినేవాళ్ళేరీ? వాళ్ళకే పెట్టి పంపేదాన్ని.

పేరు ఆయనది. ఆటకు ముందు పంచే కాగితాల మీద సంగీతం అని ఆయన పేరు వేసేవాళ్ళు. నాకేం బాధ లేదని రాస్తే ముచ్చటగా ఉంటుంది గానీ, అబద్ధమెందుకు, కొంచెం ఉండేది. "రొట్టెలు ఫలానామె అని కింద నా పేరు కూడ వేయించు" అని దెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడు. ఆ పదేళ్ళలో నేను ఎన్ని పాటలు పట్టుకున్నానో లెక్క లేదు. ఒక్కటీ జారనివ్వలేదు.

మాకు ఒక్కతే బిడ్డ. అది నడక నేర్చిన యేడు కార్ఖానావాళ్ళు వికారాబాదు జంక్షను దగ్గర బండల అడితి పెడితే మమ్మల్ని అక్కడికి మార్చారు. వికారాబాదులోనూ సమాజం ఉంది. అక్కడ రాజు వేషాలన్నీ మా వీధి చివరి దర్జీవి. వాళ్ళింట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పద్యం ఎత్తుకున్నాడంటే మాత్రం పంతుళ్ళు కూడా నోరు తెరుచుకుని వినాల్సిందే. నన్ను వదినె అనేవాడు. మా బిడ్డకు గౌన్లు అతనే కుట్టేవాడు.

అది నాలుగేళ్ళ నుంచే నాతో పాటు పీట మీద కూర్చుని పిండి ముద్ద చరిచేది. దాని రొట్టె ఒకటి, అరచేయంత. వాళ్ళ నాయన మూడుసార్లు పాడేలోపే అది అందుకునేది. నేను పని చేస్తేనే పాడతాను గదా, దానికి ఆ తిప్పలు కూడా లేవు. నీళ్ళ తొట్టి దగ్గర పాడేది, వీధిలో పాడేది, అన్నం నోట్లో పెట్టుకుని పాడి పొలమారేది. నోరు మూసుకుని తినవే పోరీ అని నెత్తి మీద తట్టేదాన్ని.

దానికి అయిదేళ్ళు వచ్చిన చలికాలం హైదరాబాదులో నాటకాల పోటీ జరిగింది. మా సమాజం పోయింది. ఆట అయ్యాక మద్రాసు నుంచి వచ్చిన సినిమా ఆయన ఒకడు మా ఆయనను వెతుక్కుంటూ వచ్చి, ఇంకా కొత్తవి ఉంటే చెప్పండి అని చిరునామా ఇచ్చాడు. ఇక చూడాలి మా ఇంట్లో హడావిడి! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దర్జీ అప్పుడే మా ఆయనకు మద్రాసు పోవడానికి కోటు కొలతలు తీసుకున్నాడు. వానాకాలం వచ్చేదాకా ఆగి, మా ఆయన ఒక కొత్త నాటకం కోసం ఆరు వరసలు కట్టాడు. అంత బాగా ఎప్పుడూ కట్టలేదు. ఆరూ నాకు అప్పజెప్పాడు. దసరా తర్వాత వేషగాళ్ళకు నేర్పాలని అనుకున్నాం. మద్రాసుకు, ఆరు వరసలు తయారైనయి అని ఉత్తరం రాయించాడు. అప్పటికి ఆ ఆరు పాటలు తెలిసింది నాకూ, బిడ్డకూ. అది పొద్దస్తమానం అవే పాడుతూ తిరిగేది. వాన పడుతున్నా సరే, చూరు కింద నిలబడి పాడేది.

భాద్రపదంలో దానికి జ్వరం వచ్చింది. రెండో రోజు గొంతు వాచింది. డాక్టరు వచ్చి చూసి కంఠసర్పి అన్నాడు. నాలుగో రోజు పొద్దున పోయింది. ఆరేళ్ళు నిండలేదు.

దీని గురించి ఎక్కువ రాయలేను. రాయడానికి ఏమైనా ఉంటే గదా. నేను ఏడవలేదు. అందరూ ఏడ్చారు. మా అమ్మ వచ్చి గుండెలు బాదుకుంది. నన్ను పట్టుకుని ఊపింది, ఏడువే, ఏడిస్తే తక్కువైతది అని. నేను ఆమె వెనక గోడకున్న జల్లెడను చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు దర్జీ వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, పండుగకని కుట్టిన గౌను ఉంది, ఏం చేయాలె వదినె అని అడిగి, అడిగినందుకు తానే ఏడ్చాడు. ఎవరికన్న ఇయ్యి అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

వారానికి మళ్ళీ పొయ్యి అంటించాను. బతికినవాళ్ళు తినాలి గదా. పిండి కలిపి రొట్టె చరిచాను. చేయి దాని పని అది చేసింది. నోట్లోకి ఏమీ రాలేదు. పప్పు చేట తీసుకున్నాను. అదీ అంతే. పది యేళ్ళుగా దాచిన పాటలన్నీ ఎవరో ఊడ్చి ఎత్తుకుపోయారు. నాకు దానికీ బాధ వేయలేదు. కాలు తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడండి, అట్లా ఉండేది లోపలంతా. నీళ్ళు తోడేదాన్ని, వండేదాన్ని, తినేదాన్ని. పక్కింటివాళ్ళు గుండె గట్టిది అన్నారు. అననీ అనుకున్నాను.

మా ఆయన ఏం చేశాడో చెప్పాలంటే నాకు సరిగా తెలియదు. అడితికి పోయేవాడు, వచ్చేవాడు. హార్మోనియం మీద గుడ్డ కప్పి ఉండేది. సమాజంవాళ్ళు ఒకసారి వచ్చి కొత్త నాటకం సంగతి కదిపితే, ఇప్పుడు కాదని పంపేశాడు. ఇద్దరం ఒకే ఇంట్లో రైల్వే ముసాఫిర్‌ఖానాలో కూర్చున్నవాళ్ళలా ఉండేవాళ్ళం. ఆయన కూడా ఏడవగా నేను చూడలేదు. మగవాళ్ళకు తొందరగా తీరిపోతుంది కాబోలు అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సులువుగా ఉండేది.

ఎనిమిది నెలలు దాటాయి. ఎండలు ముదిరాక మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. సినిమా మొదలు పెడుతున్నామని, చెప్పిన ఆరు వరసలు తీసుకుని వచ్చే శుక్రవారానికల్లా రమ్మని. తెలుగు అక్షరాలు మా ఆయనకు రావు గదా, దర్జీ దాన్ని చదివి వినిపించి, మడిచి ఆయన చేతికిచ్చి, నా వంక చూడకుండా వెళ్ళిపోయాడు.

నాకు అప్పుడు కోపం వచ్చింది. ఎనిమిది నెలల్లో నాకు వచ్చింది అదొక్కటే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, ఇప్పుడు వచ్చి నన్ను పాటలడుగుతాడా? అడగనీ, చెప్తాను, అన్నీ పోయినయి, నీ బిడ్డతోనే పోయినయి అని చెప్తాను. లోపల మాటలన్నీ పేర్చుకుని పెట్టుకున్నాను. ఆయన సోమవారం అడగలేదు. మంగళవారం అడగలేదు. బుధవారం పొద్దున, అడితికి పోకుండా, వచ్చి గడప మీద కూర్చున్నాడు. రేపటి బండికి పోవాలి. నేను రొట్టె చరుస్తున్నాను.

"జర ఏదన్న పాడు" అన్నాడు.

"ఏం పాడాలె?"

"ఏది నోటికొస్తె అది."

నేను తల ఎత్తి చూశాను. ఆయన గడ్డం మాసి ఉంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిలా కూర్చున్నాడు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా బయటికి రాలేదు. పదేళ్ళలో ఒక్క వరస పోగొట్టలేదన్న పేరు నాది. పోయాయని చెప్పడానికి నోరు రాలేదు. ఇది గర్వమో, ఆయన మీద జాలో, నాకు ఈనాటికీ తెలియదు. రొట్టె చరుస్తూ నోటికి వచ్చింది పాడాను. అవి ఆయన వరసలు కావని పాడుతుంటేనే నాకు తెలుసు. ఎక్కడివో తెలియదు. ఒకటి మా కలుపు పాటల నడక పట్టుకుని పోయింది. ఇంకొకటి రొట్టె చప్పుడు ఎటు పోతే అటు పోయింది. పోయింది వరసలే, మాటలు గుర్తున్నాయి; పంతులు రాసిన ఆ మాటలే వాటికి అతికించి పాడాను. ఒకటి అయ్యాక ఇంకొకటి, సాయంత్రం లోపల ఆరు. అబద్ధం ఆడుతున్నానన్న భయం కూడా నాకు కలగలేదు.

ఆయన హార్మోనియం గుడ్డ తీసి ఒక్కొక్కటే వాయించుకున్నాడు. ఇది గాదు గదా అని అనలేదు. మతిమరుపు మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఆ ఇంట్లో పాట వినబడేసరికి పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది.

మద్రాసు నుంచి పది రోజులకు వచ్చాడు. రెండు వరసలు తీసుకున్నారట. అక్కడ ఒక తమాషా జరిగిందట. ఈయనకు అందులో ఒక వరస రొట్టె చప్పుడుతో పాటే పట్టుబడింది. తబలా అతన్ని ఆ చప్పుడు వేయమంటే అతనికి అర్థం కాలేదు. ఈయన తొడ మీద చరిచి చూపాడు, బల్ల మీద చరిచి చూపాడు. ఆఖరుకు ఎవరో పోయి తడి పిండి తెప్పించి చెక్క పీట మీద చరిపించారట. మద్రాసులో జొన్నపిండి ఎక్కడిది, అది ఏ పిండో మరి. ఇదంతా ఆయన నాకు చెప్తుంటే నేను నవ్వాలి. నవ్వు రాలేదు. అన్నం పెట్టాను.

రెండేళ్ళకు ఆ సినిమా వికారాబాదులో డేరా టాకీసుకు వచ్చింది. మా వీధి వీధంతా పోయింది. నేల మీద చాపలు పరుచుకుని కూర్చున్నాం. పాట వచ్చింది. వయొలిన్లు, పిల్లనగ్రోవులు, ఎవరో పెద్ద గొంతామె, వాటి కింద పట్ పట్ మని పిండి చరిచిన చప్పుడు. నా వెనక ఆడవాళ్ళు గుర్తుపట్టి గొల్లున నవ్వారు. "అవ్వో, గిది రొట్టె చప్పుడే గదనే!" దర్జీ ఈలలు వేశాడు. వన్స్ మోర్ అని అరిచాడు, నాటకం అనుకున్నాడో ఏమో. నేను తెర వంకే చూస్తూ కూర్చున్నాను. ఆ పాట నాదని నాకు అనిపించలేదు. ఆయనదనీ అనిపించలేదు. ఎవరిదో పెళ్ళి ఊరేగింపు వీధిలో పోతుంటే కిటికీలోంచి చూసినట్టు చూశాను.

ఆ తర్వాత ఆయన దారి సాగింది. పెద్ద పేరేమీ కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు మద్రాసు పోయేవాడు, ఒక సినిమాలో ఒక పాట, ఇంకోదాంట్లో రెండు. నేను పాడిన ఆరింట్లో నాలుగు తెర మీదికి ఎక్కాయి. నాటకాలకు మళ్ళీ కట్టడం మొదలు పెట్టాడు. మళ్ళీ గడప మీద కూర్చుని మూడుసార్లు పాడి అప్పజెప్పేవాడు. కొత్తవి నాకు నిలిచేవి. ఆయన కట్టిన ఆ పాత ఆరు మాత్రం రాలేదు. ఆ కొత్త నాటకాన్ని ఆడదామని సమాజంవాళ్ళు రెండుసార్లు అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే నా దొంగతనం బయట పడుతుందని నా భయం. అప్పటికి భయం కొంచెం మళ్ళీ మొలిచింది నాకు.

బిడ్డ పోయి ఏడేళ్ళయ్యాక, తాండూరు సమాజంవాళ్ళు పిలిచి ఆయనకు శాలువా కప్పారు. నన్ను కూడా రమ్మన్నారు. వేదిక మీద ఒకాయన సినిమాలోని ఆ రొట్టె చప్పుడు పాట గురించి ఒకటే పొగడ్త. ఆ వరస ఈయనకు తప్ప ఇంకెవరికీ పుట్టదట. అట్లాంటిది నూరేళ్ళకు ఒకటట. నేను ఆడవాళ్ళ వరసలో తల వంచుకుని కూర్చున్నాను. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. మధ్యాహ్నం బండెక్కాం. శాలువా నా ఒళ్ళో ఉంది. బండి కదిలి తాండూరు గోదాములు దాటగానే, ఇక ఆగలేక చెప్పేశాను.

"ఆ పాటలు నువ్వు కట్టినయి గావు."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "ఎర్కే" అన్నాడు.

"ఏం ఎర్కె? ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవరు చెప్పాలె? నువ్వు మొదటిది ఎత్తుకోంగనే తెలిసింది. నావి గావని."

నాకు ఒళ్ళు మండింది. "తెలిసి తీస్కపోయినవా? తెలిసి నన్ను ఆరేండ్లు దొంగలెక్క ఉంచినవా? ఏం మనిషివయ్యా నువ్వు?"

"నీ పేరు చెప్పిన మద్రాసుల. మా ఇంటామె కట్టినయి అన్న. నవ్విన్రు. గంతే." ఆయన నా వైపు తిరిగాడు. "నేను నిన్ను అవి అడగలే. ఏదన్న పాడుమన్న. ఎన్మిది నెలలు ఇంట్ల నీ గొంతు లేదు. ఒక్కసారి నువ్వు నోరు తెరిస్తె, గది నాది గాదు ఆపు అంటనా?"

ధారూరులో బండి ఆగింది. ఎవరో ముసలామె గంప ఎత్తుకుని ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. బండి మళ్ళీ కదిలింది.

"మరి నీ ఆరు?" అన్నాను. "నేను మర్సిపోయిన. నీకైతె ఎట్లాగు యాదుండవు. పోయినట్టే గద అవి. నా వల్లనే గద పోయినయి."

"యాదున్నయి" అన్నాడు.

నేను నమ్మలేదు. మూడు రోజుల కింది పాట యాదుండని మనిషి.

"ఆరుకు ఆరు యాదున్నయి. అన్ని నీకు అప్పజెప్పి మర్సిపోయేటోన్ని. గవి ఎట్ల మరువనిస్తది అది? పొద్దుగాల లేస్తె అవే పాడుకుంట తిరిగె. నీళ్ళ తొట్టికాడ అవే, చూరు కింద అవే. మద్రాసుకు అవే తీస్కపోదామని హార్మోనియం ముంగట కూసున్న. వేలు ఆడలే. అవి నాకు దాని గొంతులనే ఇనబడ్తయి. ఇంకొకలకు ఎట్ల ఇయ్యాలె? ఎవ్వరికి ఇయ్య."

సినిమా పోతే పోనీ అనుకునే ఆ బుధవారం గడప మీద కూర్చున్నాడు. ఆ మనిషిని పట్టుకుని ఏడేళ్ళు, వీనికి పాటలే ముఖ్యం, బిడ్డ కాదు అని నేను లోలోపల తిడుతూనే ఉన్నాను. అన్నం పెడుతూ తిట్టాను, నీళ్ళు అందిస్తూ తిట్టాను. ఆయన ఆ ఆరు పాటలూ ఒక్కడే మోసుకుని తిరిగాడు. సిగ్గేసింది నాకు.

"ఒక్కటి పాడు" అన్నాను. "నాకు. మెల్లగ."

తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ నా ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, బండి చప్పుడులో నాకు మాత్రమే వినబడేట్టు తన ఆరింట్లో మొదటి పాట ఎత్తుకున్నాడు. నేను మరిచిపోయిందే. ఒక్క చరణం కూడా పూర్తి కాలేదు. నేను శాలువా నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా, పెట్టెలో అందరూ తిరిగి చూస్తుండగా, మా అమ్మ ఎట్లా ఏడవమందో అట్లా ఏడ్చాను.

ఎదురుగా కూర్చున్న ముసలామె గంప పక్కకు జరిపి, ముందుకు వంగి నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఎవరు పోయిన్రు తల్లీ?"

"మా బిడ్డ."

"అయ్యో నా తల్లీ. ఎప్పుడు?"

"ఏడేండ్లాయె" అన్నాను.